పాత ఆర్పీజీలను హ్యాండ్‌హెల్డ్‌లో మళ్లీ ఆడాలనుకుంటే: కథ మధ్యలో తెగకుండా సాగే పద్ధతి

కిందటి సంక్రాంతికి ఊరికి వెళ్తూ రైల్లో ఫైనల్ ఫాంటసీ ఆరో భాగాన్ని మళ్లీ మొదలుపెట్టాను. తిరుగు ప్రయాణంలో కొంత, ఆఫీసు క్యాబ్‌లో కొంత, రాత్రి పడుకునే ముందు కొంత ఆడి, ఆ తర్వాత పని ఒత్తిడిలో మూడు వారాల పాటు పక్కన పెట్టేశాను. మళ్లీ చేతిలోకి తీసుకుని బటన్ నొక్కగానే, ఎక్కడ ఆపానో సరిగ్గా అక్కడే, ఒక ఊరి సత్రం ముందు నా పాత్ర నిలబడి కనిపించింది. అయితే ఆ ఊరికి ఎందుకు వచ్చానో, ఎవరితో మాట్లాడాలని వచ్చానో, సంచిలో ఉన్న కొత్త కత్తిని ఎవరి కోసం కొన్నానో ఒక్కటీ గుర్తు రాలేదు. అరగంట సేపు అటూ ఇటూ తిరిగి ఆపేశాను. నేను నిలబడిన చోటును కన్సోల్ భద్రంగా దాచింది కానీ, అక్కడికి వచ్చిన కారణాన్ని దాచుకోవలసిన పని నాదేనని ఆ రోజు తెలిసింది.

1986 నుంచి 1995 వరకు జపాన్‌లో వచ్చిన ఆర్పీజీలు, అంటే రోల్ ప్లేయింగ్ గేమ్‌లు, చాలావరకు ఇంట్లో టీవీ ముందు కూర్చుని సాయంత్రాలకు సాయంత్రాలు ఆడేవారి కోసం తయారైనవి. దారి చూపే బాణం గుర్తులు గానీ, చేయవలసిన పనుల జాబితా గానీ వాటిలో దాదాపుగా ఉండవు. ఎటు వెళ్లాలో ఊళ్లో కనిపించే మనుషులు చెబుతారు. విన్నదాన్ని మనం గుర్తుపెట్టుకోవాలి. ఇప్పుడు అవే గేమ్‌లను మనం పదిహేను నిమిషాలు, ఇరవై నిమిషాల చొప్పున, రోజులో దొరికిన ఖాళీల్లో ఆడుతున్నాం. ఆటలో లోపం లేదు, చేతిలో పట్టుకుని ఆడే హ్యాండ్‌హెల్డ్‌లోనూ లోపం లేదు. ఆ రెండింటికీ మధ్య ఉన్న ఈ ఎడాన్ని ముందుగానే పూడ్చుకోకపోతే, ఎంతో ఇష్టపడి కొనుక్కున్న గేమ్ మూడో వంతు దగ్గరే ఆగిపోతుంది. దాన్ని ఎలా పూడ్చుకోవాలో నా అనుభవంలో పనికొచ్చినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఏ గేమ్ ఎంచుకోవాలి

మీకు బాగా ఇష్టమైన గేమ్‌తో మొదలుపెట్టవద్దని నా సలహా. ముందు చిన్నది ఒకటి పూర్తి చేయండి. అందుకు డ్రాగన్ క్వెస్ట్ మొదటి భాగాన్ని మించినది లేదు. యూజీ హోరీ రూపకల్పన, అకిరా తోరియామా బొమ్మలు, కోయిచి సుగియామా సంగీతంతో ఎనిక్స్ సంస్థ 1986 మే 27న నింటెండో టీవీ కన్సోల్ ఫామికామ్ మీద విడుదల చేసిన ఈ గేమ్‌లో కథానాయకుడు ఒక్కడే, పోరాటంలో ఎదురయ్యే శత్రువు కూడా ఒక్కటే. ఆట మొదలైన కోట బయటకు రాగానే నీటికి అవతలి ఒడ్డున చివరి శత్రువు కోట కనిపిస్తుంది. గమ్యం కళ్ల ముందే ఉంటుంది, చేరే దారి మాత్రం ప్రపంచమంతా చుట్టి వస్తుంది. ఇంత తేటైన నిర్మాణం ఉన్న గేమ్‌ను ముక్కలుగా ఆడినా దారం చేజారదు. 2019లో ఇది, దీని తర్వాతి రెండు భాగాలతో పాటు చేతిలో పట్టుకుని ఆడగలిగే నింటెండో స్విచ్ మీదికి వచ్చింది.

ఆ తర్వాత క్రోనో ట్రిగ్గర్‌కు వెళ్లవచ్చు. 1995 మార్చిలో వచ్చిన ఈ గేమ్‌లో శత్రువులు చాలావరకు నేల మీద కళ్లెదుటే కనిపిస్తారు, పోరాటం కూడా వేరే తెరకు మారకుండా అక్కడే జరిగిపోతుంది. కాబట్టి నాలుగడుగులు వేసేసరికి ఏదో మీద పడుతుందన్న చిరాకు ఉండదు. హ్యాండ్‌హెల్డ్ ఆటకు ఇంతగా నప్పే పాత ఆర్పీజీ మరొకటి నాకు తెలియదు. ఇవి రెండూ ముగించాక ఫైనల్ ఫాంటసీ నాలుగు, ఆరు భాగాలనూ, ఎర్త్‌బౌండ్‌నూ తీసుకుంటే, అప్పటికి మీకు ఒక అలవాటు కుదిరి ఉంటుంది.

ఏ వెర్షన్ అన్నదే అసలు ప్రశ్న

కొత్తగా ఆడేవారు ఏ వెర్షన్ ఆడినా ఫరవాలేదు. మళ్లీ ఆడేవారికి అలా కాదు, ఎందుకంటే మన మనసులో ఒక రంగు, ఒక శబ్దం ఇదివరకే స్థిరపడి ఉంటాయి. ఫైనల్ ఫాంటసీ ఆరో భాగాన్నే తీసుకోండి. 1994లో ఫామికామ్ తర్వాతి కన్సోల్ సూపర్ ఫామికామ్ మీద వచ్చింది. అదే ఏడాది అమెరికాలో మూడో భాగం అనే పేరుతో అమ్మారు, ఎందుకంటే మధ్యలోని కొన్ని భాగాలు అక్కడ అప్పటికి విడుదల కాలేదు. 1999లో ప్లేస్టేషన్ మీదికి, 2006లో నింటెండో హ్యాండ్‌హెల్డ్ గేమ్ బాయ్ అడ్వాన్స్ మీదికి, 2014లో ఫోన్ల మీదికి, 2022లో బొమ్మలను కొత్తగా గీసిన పిక్సెల్ రీమాస్టర్ రూపంలో కంప్యూటర్ల మీదికీ ఫోన్ల మీదికీ, 2023 ఏప్రిల్‌లో స్విచ్ మీదికి వచ్చింది. పేరు ఒకటే అయినా ఇవన్నీ ఒకే గేమ్ కావు.

నేను ఈ గేమ్‌ను మొదటిసారి 2008లో హాస్టల్ గదిలో, రూమ్మేట్ వాళ్ల అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో ఆడాను. ఆ తర్వాత అదే వెర్షన్‌ను వెలుతురు బాగా ఉన్న స్క్రీన్ మీద చూసినప్పుడు రంగులు వెలిసిపోయినట్టు అనిపించి, నా జ్ఞాపకంలోనే తప్పు ఉందేమోననుకున్నాను. తప్పు జ్ఞాపకానిది కాదు. 2001లో వచ్చిన మొదటి గేమ్ బాయ్ అడ్వాన్స్ స్క్రీన్‌కు వెనక దీపం లేదు. ట్యూబ్‌లైట్ కిందికి జరిగి, స్క్రీన్‌ను కాస్త వంచి పట్టుకుంటే గానీ బొమ్మ కనిపించేది కాదు. అందుకని అప్పటి చాలా గేమ్‌లలో రంగులను కావాలనే పలచగా, తెల్లగా చేశారు. ఆ మసక స్క్రీన్ మీద సరిగ్గా ఉన్న రంగులే ఈనాటి ప్రకాశవంతమైన స్క్రీన్ మీద వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఆ యంత్రంలో శబ్దం నాణ్యత కూడా సూపర్ ఫామికామ్ కంటే తక్కువ కాబట్టి, నొబువో ఉయెమత్సు సంగీతం అందులో గరగరలాడుతుంది.

అయినా ఆ వెర్షన్‌ను కొట్టిపారేయలేం. అమెరికాలో మొదట వచ్చిన వెర్షన్‌లో దెబ్బ తప్పించుకునే శక్తిని సూచించే అంకె అసలు పనే చేసేది కాదు. ప్రోగ్రామ్‌లోని పొరపాటు వల్ల దాని బదులు మంత్రాలను తప్పించుకునే అంకెనే అన్నిటికీ వాడేది. గేమ్ బాయ్ అడ్వాన్స్ వెర్షన్‌లో దాన్ని సరిదిద్దారు. అదనంగా ఒక గుహను, కొత్త ఎస్పర్‌లను (మంత్రశక్తినిచ్చే ప్రాణులను) చేర్చారు. పిక్సెల్ రీమాస్టర్‌లో ఆ అదనపు భాగాలు లేవు, కానీ బొమ్మలు శుభ్రంగా ఉంటాయి, సంగీతాన్ని కొత్తగా వాద్యాలతో చేశారు. కన్సోల్ వెర్షన్‌లో కావాలనుకుంటే పాత సంగీతానికి కూడా మారవచ్చు. ఇప్పుడు కొనేవారికి నేను పిక్సెల్ రీమాస్టర్‌నే సూచిస్తాను; పాత గేమ్ బాయ్ కార్ట్రిడ్జ్ (గేమ్ ఉండే క్యాసెట్) ఇంకా ఉన్నవారు మాత్రం దాన్నే, దాని కాలపు యంత్రంలోనే ఆడండి.

క్రోనో ట్రిగ్గర్ విషయంలో నా ఎంపిక 2008 నాటి, రెండు స్క్రీన్లున్న నింటెండో డీఎస్ వెర్షన్. అనువాదం మెరుగుపడింది, మెనూలు కింది స్క్రీన్‌కు వెళ్లడంతో పై స్క్రీన్ అంతా ఆటకే మిగిలింది. కంప్యూటర్ గేమ్‌లు ఆడే హ్యాండ్‌హెల్డ్ స్టీమ్ డెక్ ఉన్నవారు 2018లో కంప్యూటర్ల మీదికి వచ్చిన వెర్షన్ తీసుకోవచ్చు. అది విడుదలైనప్పుడు బొమ్మలు చెదిరినట్టున్నాయని విమర్శలు వచ్చాయి కానీ, కొద్ది నెలల్లోనే పాత బొమ్మలకు మారే సౌకర్యం ఇచ్చారు. సెట్టింగ్స్‌లో మొట్టమొదట దాన్ని ఎంచుకోండి. 1999 నాటి ప్లేస్టేషన్ వెర్షన్ వద్దు. మెనూ తెరిచిన ప్రతిసారీ డిస్క్ కోసం ఆగవలసి వస్తుంది, ఇరవై నిమిషాల ఆటలో ఆ ఆగడమే ఎక్కువ అనిపిస్తుంది.

మన దేశంలో ఉన్నవారికి ఒక మాట. స్విచ్ ఇక్కడ దిగుమతి చేసుకునే దుకాణాల ద్వారానే దొరుకుతోంది, వారంటీ ఎవరు ఇస్తారో బిల్లు తీసుకునే ముందే అడగాలి. నింటెండో ఆన్‌లైన్ దుకాణంలో వేరే దేశం ప్రాంతంగా ఎంచుకున్నప్పుడు, గిఫ్ట్ కోడ్‌లు కూడా ఆ ప్రాంతానివే కొనాలి. కంప్యూటర్ గేమ్‌ల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ధరలు రూపాయల్లోనే ఉంటాయి కాబట్టి ఈ ఇబ్బంది ఉండదు.

స్క్రీన్ లెక్క

పాత బొమ్మలు చిన్న చిన్న చదరాలతో గీసినవి. ఆ చదరాన్ని రెండింతలు, మూడింతలు అని పూర్ణసంఖ్యలో పెంచితే బొమ్మ పదునుగా ఉంటుంది. మూడున్నర రెట్లు పెంచితే కొన్ని చదరాలు లావుగా, కొన్ని సన్నగా మారి, పాత్ర నడుస్తున్నప్పుడు ముఖం వణికినట్టు కనిపిస్తుంది. మొదటి తరం స్విచ్ స్క్రీన్ 1280×720, స్టీమ్ డెక్ స్క్రీన్ 1280×800. గేమ్ బాయ్ బొమ్మ 160×144. దాన్ని ఐదింతలు చేస్తే 800×720, అంటే స్విచ్‌లో నిలువుకు ఒక్క గీత కూడా మిగలకుండా సరిపోతుంది. గేమ్ బాయ్ అడ్వాన్స్ బొమ్మ 240×160. అది ఐదింతలైతే 1200×800, స్టీమ్ డెక్ కోసమే కొలిచి కుట్టినట్టు ఉంటుంది. అదే బొమ్మ స్విచ్‌లో అయితే నాలుగింతల దగ్గర ఆపి, చుట్టూ నల్ల అంచును ఒప్పుకోవాలి.

సూపర్ ఫామికామ్ దగ్గర లెక్క అంత తేలికగా కుదరదు. దాని బొమ్మ 256×224, కానీ ఆ కాలపు టీవీ దాన్ని 4:3 నిష్పత్తికి పక్కలకు సాగదీసి చూపించేది. చదరాల లెక్క ప్రకారం చూస్తే మనుషులు కాస్త సన్నబడతారు, 4:3లో చూస్తే చదరాలు కాస్త అసమానమవుతాయి. నేను 4:3నే ఎంచుకుంటాను, ఎందుకంటే గీసినవారు తమ టీవీ మీద చూసింది ఆ ఆకారాన్నే. స్క్రీన్ అంతా నిండేలా 16:9కు సాగదీయడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు.

అక్షరాల సైజు సంగతి కొనే ముందే చూసుకోవాలి. స్విచ్ లైట్ స్క్రీన్ 5.5 అంగుళాలు, ఓఎల్ఈడీ మోడల్‌ది 7 అంగుళాలు. ఆర్పీజీ అంటే సగం చదవడమే కాబట్టి, నలభై దాటినవారికి ఈ అంగుళంన్నర తేడా కళ్లకు నేరుగా తెలుస్తుంది. పిక్సెల్ రీమాస్టర్ మొదట వచ్చినప్పుడు అక్షరాలు మరీ సన్నగా ఉన్నాయని చాలామంది అన్నారు. కన్సోల్ వెర్షన్‌లో పాతకాలపు చదరాల అక్షరాలను ఎంచుకునే వీలుంది. రెండూ చూసి, పడుకుని ఆడే దూరంలో ఏది తేలికగా చదవగలుగుతున్నారో దాన్ని ఉంచుకోండి.

మొదలుపెట్టే ముందు రెండు సర్దుబాట్లు

ఫైనల్ ఫాంటసీ నాలుగు నుంచి, క్రోనో ట్రిగ్గర్‌లో కూడా, పోరాటంలో కాలం నడుస్తూనే ఉంటుంది. మనం ఆలోచిస్తుండగానే శత్రువు కొట్టేస్తాడు. సెట్టింగ్స్‌లో యాక్టివ్, వెయిట్ అని రెండు పద్ధతులుంటాయి. హ్యాండ్‌హెల్డ్‌లో ఆడేవారు వెయిట్ పెట్టుకోవాలి. అయితే వెయిట్ అన్నంత మాత్రాన కాలం పూర్తిగా ఆగదని గుర్తుంచుకోండి. మంత్రాల జాబితా గానీ వస్తువుల జాబితా గానీ తెరిచి ఉన్నంతసేపే ఆగుతుంది. ఎవరైనా పిలిచినప్పుడు ఆ జాబితా తెరిచి వదిలేసి, ప్రశాంతంగా మాట్లాడి రావచ్చు. ఎక్కువసేపు పడుతుందనుకుంటే యంత్రాన్ని స్లీప్‌లో పెట్టండి.

రెండోది ప్రయాణాలకు సంబంధించినది. స్విచ్ ఆన్‌లైన్ చందాతో వచ్చే పాత గేమ్‌లు, వాటిలో ఎర్త్‌బౌండ్ కూడా ఒకటి, ఇంటర్నెట్ లేకుండా దాదాపు వారం రోజుల వరకే తెరుచుకుంటాయి. సెలవులకు సిగ్నల్ అందని ఊరికి వెళ్తుంటే బయల్దేరే రోజు ఉదయం ఒకసారి వైఫై కలిపి గేమ్ తెరిచి చూసుకోవాలి. స్లీప్‌ను నమ్మి రోజుల తరబడి సేవ్ చేయకుండా ఉండటం కూడా ప్రమాదమే. ఛార్జింగ్ పూర్తిగా అయిపోతే స్లీప్‌లో ఉన్న ఆట పోతుంది. ఆపిన ప్రతిసారీ గేమ్‌లోని సేవ్ పద్ధతిలోనే సేవ్ చేసి, తర్వాతే స్లీప్‌లో పెట్టండి.

ఎక్కడ సేవ్ చేయాలి, ఎక్కడ చేయకూడదు

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత ఆర్పీజీని తెలియకుండా పాడుచేసుకునేది ఎక్కువగా ఈ చోటే. అమెరికాలో 1989లో డ్రాగన్ వారియర్ పేరుతో వచ్చిన మొదటి డ్రాగన్ క్వెస్ట్‌లో రాజు మొదట మనకు 120 బంగారు నాణేలు ఇస్తాడు. పక్క ఊరి దుకాణంలో దుడ్డుకర్ర 60, తోలు కవచం 70. రెండూ కలిపి 130. పది నాణేలు తక్కువ! ఏది కొనాలో, దేన్ని వాయిదా వేయాలో అక్కడే నిర్ణయించుకోవాలి. బయట చనిపోతే రాజు మళ్లీ బతికిస్తాడు, పోరాటాల్లో సంపాదించిన అనుభవం పాయింట్లు పోవు, చేతిలోని డబ్బులో సగం పోతుంది. కోటలో రాజుతో మాట్లాడితే తప్ప సేవ్ లేదు. అందుచేత ఊరి నుంచి వేసే ప్రతి అడుగులోనూ ఇంకాస్త ముందుకు పోవాలా, ఉన్నది పట్టుకుని వెనక్కి తిరగాలా అన్న ప్రశ్న ఉంటుంది. వంతెన దాటితే శత్రువులు బలవంతులవుతారు, సంచిలో మందు ఆకు ఒక్కటే మిగిలి ఉంటుంది, చేతిలో కవచం కొనడానికి సరిపడా డబ్బు ఉంటుంది. ఆ వంతెన దగ్గర ఆగి ఆలోచించే అర నిమిషమే ఈ ఆట.

ఇప్పటి వెర్షన్‌లలో ఎక్కడంటే అక్కడ సేవ్ చేసుకునే వీలుంటే, స్విచ్ ఆన్‌లైన్ గేమ్‌లలో ఆటను వెనక్కి తిప్పే రివైండ్ కూడా ఉంటే, ఆ అర నిమిషం మాయమవుతుంది. అలాగని వాటిని ముట్టుకోవద్దనడం కూడా సరికాదు. బస్సు దిగే వేళకు రాజు దగ్గరికి నడిచి వెళ్లేంత తీరిక ఎవరికీ ఉండదు. నేను పాటించే నియమం ఒక్కటే. ఆట ఆపడానికి ఎక్కడైనా సేవ్ చేస్తాను, ఓడిపోయినప్పుడు వెనక్కి వెళ్లడానికి మాత్రం ఆ సేవ్‌ను వాడను. ఓడితే రాజు దగ్గరే లేస్తాను, సగం డబ్బు పోనిస్తాను.

1994 నాటి ఎర్త్‌బౌండ్ ఈ విషయంలో ఎంతో ఆప్యాయంగా ఉంటుంది. అందులో సేవ్ చేయాలంటే ఫోన్ చేసి నాన్నతో మాట్లాడాలి. చాలాసేపు ఆగకుండా ఆడితే ఆ నాన్నే ఫోన్ చేసి, కాస్త విశ్రాంతి తీసుకోరాదా అని అడుగుతాడు. ఎక్కడంటే అక్కడ చేసే సేవ్‌లతోనే నెట్టుకొచ్చేవారికి నాన్నకు ఫోన్ చేయవలసిన పనే రాదు. కాబట్టి ఆ గేమ్‌లో కనీసం రోజుకొకసారైనా నాన్నకు ఫోన్ చేసి సేవ్ చేయండి.

నోట్‌బుక్

జపాన్‌లో వచ్చిన మొదటి డ్రాగన్ క్వెస్ట్‌లో బ్యాటరీ సేవ్ లేదు. ఆట ఆపేటప్పుడు రాజు చెప్పే 20 అక్షరాల మంత్రాన్ని కాగితం మీద రాసుకుని, మర్నాడు తప్పు లేకుండా తిరిగి ఎక్కించాలి. అంటే పక్కన నోట్‌బుక్, పెన్ను లేకుండా ఆ గేమ్ ఆడటం కుదరదు. ఆ నోట్‌బుక్ ఉంది కాబట్టే మిగతా సూచనలు కూడా అందులోకే వెళ్లేవి. సేవ్ మెరుగైనకొద్దీ నోట్‌బుక్ మాయమైంది కానీ, గేమ్‌లు మాత్రం అది ఉందనే లెక్కతోనే మాట్లాడుతూ వచ్చాయి.

ఎంత కచ్చితంగా మాట్లాడతాయో చూడండి. అదే డ్రాగన్ క్వెస్ట్‌లో కోల్ అనే ఊళ్లో స్నానాల కొలనుకు నాలుగు అడుగులు దక్షిణాన తవ్వితే పిల్లనగ్రోవి దొరుకుతుంది. కాంట్లిన్ అనే ఊరి వాకిలిని కాపలా కాసే రాతి భూతాన్ని ఆ పిల్లనగ్రోవి నిద్రపుచ్చుతుంది. ఇంకొకరు ఆట మొదలైన టాంటెగెల్ కోట నుంచి 70 లీగులు (ఆటలోని దూరపు కొలత) దక్షిణానికి, 40 లీగులు తూర్పుకు వెళ్లమంటారు. మనం ఎంత దూరం వచ్చామో తెలిసేది రాజకుమారి ఇచ్చిన కానుక ద్వారా; దాన్ని వాడినప్పుడు కోట ఎన్ని లీగుల దూరంలో, ఏ దిక్కున ఉందో ఆమె గొంతు చెబుతుంది. ఈ ముక్కలన్నీ ఒకేచోట కాకుండా, వేర్వేరు మనుషుల నోట వస్తాయి. ఒక్క సాయంత్రం ఆడేవారికి గుర్తుంటాయేమో గానీ, రెండు వారాల పాటు ముక్కలుగా ఆడేవారికి గుర్తుండటం కల్ల.

నా నోట్‌బుక్‌లో ప్రతి గేమ్‌కూ ఆపిన ప్రతిసారీ మూడు వాక్యాలు రాస్తాను: ఎక్కడున్నాను, ఎందుకు వచ్చాను, తర్వాత ఏం చేయబోతున్నాను. మొన్నటి పేజీ ఇలా ఉంది: “కోల్‌లో ఉన్నాను. కొలను దగ్గర నాలుగడుగులు దక్షిణం, పిల్లనగ్రోవి తీసుకున్నాను. మందు ఆకులు మూడే ఉన్నాయి, కాంట్లిన్‌కు ముందు కోటకు వెళ్లి సేవ్ చేయాలి.” తెలుగులోనే రాస్తాను. గేమ్‌లో ఇంగ్లిషులో చదివినదాన్ని నా మాటల్లోకి మార్చేటప్పుడే అది మనసులో నిలుస్తుంది. ఊళ్లో మనుషులు చెప్పిన సూచన అయితే ఎవరు చెప్పారో కూడా రాయండి, ఎందుకంటే తర్వాత అనుమానం వస్తే వెళ్లి మళ్లీ అడగవచ్చు. ఫోన్‌లో నోట్స్ కూడా పనికొస్తాయి కానీ, ఫోన్ తీయగానే గేమ్ పక్కకు పోతుందని నా అనుభవం. కన్సోల్ పౌచ్‌లో పట్టే అరచేతి పుస్తకం, చిన్న పెన్సిల్ చాలు.

ఈ అవసరాన్ని గుర్తించిన గేమ్‌లు కూడా ఉన్నాయి. 2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద వచ్చిన పోకెమాన్ ఫైర్‌రెడ్‌లో సేవ్ తెరవగానే కిందటిసారి చేసిన పనులను కొన్ని దృశ్యాల్లో చూపించి, తర్వాత ఆట మొదలుపెడుతుంది. హ్యాండ్‌హెల్డ్ కోసమే తయారైన గేమ్‌కు ఆ ఆలోచన రావడం సహజమే. టీవీ కోసం తయారైనవాటికి ఆ పనిని మన నోట్‌బుక్కే చేయాలి.

ఇంటర్నెట్‌లో దొరికే పూర్తి మార్గదర్శినిని పక్కన తెరిచి ఆడటాన్ని నేను ఇష్టపడను. ఇక్కడికి వెళ్లు, ఇది తీసుకో, అటు తిరుగు అని అది చెబుతూ ఉంటే ఊళ్లో మనుషుల మాటలు వినవలసిన అవసరమే పోతుంది. అరగంట వెతికినా దారి దొరక్కపోతే చూడండి, కానీ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చూసి మూసేయండి. తెలియక పోగొట్టుకుంటే తిరిగి రానివి కొన్ని ఉంటాయి, వాటిని ముందే తెలుసుకోవడంలో తప్పు లేదు. ఫైనల్ ఫాంటసీ ఆరులో గాలిలో తేలే ఖండం మీది నుంచి పారిపోయేటప్పుడు గడియారం వెనక్కి నడుస్తుంది. అక్కడ చివరి క్షణాల వరకు ఆగినవారికే ఒక సహచరుడు మిగులుతాడు. మొదటిసారి ఆడినప్పుడు నేను పరుగెత్తాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

వేగం పెంచే సౌకర్యాలు

పిక్సెల్ రీమాస్టర్ కన్సోల్ వెర్షన్‌లలో అనుభవాన్ని, డబ్బును నాలుగింతల వరకు పెంచుకోవచ్చు. అనుకోకుండా మీద పడే పోరాటాలను పూర్తిగా ఆపేయవచ్చు. సమయం తక్కువ ఉన్నవారికి ఇవి ఆశ పెడతాయి. పోరాటాలు ఆపడాన్ని నేను ఒక్క సందర్భంలోనే వాడతాను: ఇదివరకే పూర్తి చేసిన గుహలోంచి మళ్లీ నడిచి బయటకు రావలసి వచ్చినప్పుడు.

అనుభవాన్ని పెంచడం మాత్రం ఆరో భాగంలో నష్టమే చేస్తుంది. ఆ గేమ్‌లో సగం దారిలో ఎస్పర్‌లు దొరుకుతాయి. ఒక పాత్ర లెవెల్ పెరిగే క్షణంలో దాని దగ్గర ఏ ఎస్పర్ ఉంటే దాన్ని బట్టి బలమో, మంత్రశక్తో అదనంగా పెరుగుతుంది. ఎస్పర్‌లు దొరక్కముందే లెవెళ్లను పరుగులెత్తిస్తే ఆ అదనపు లాభం పోయినట్టే. మంత్రాలు కూడా చాలావరకు ఎస్పర్‌ల ద్వారానే నేర్చుకోవాలి కాబట్టి, ఆ నేర్చుకునే వేగాన్ని నాలుగింతలు చేస్తే కొద్దిసేపటికే దాదాపు అన్ని పాత్రలకూ అన్ని మంత్రాలూ వచ్చేసి, దొంగకూ సైనికురాలికీ రాజుకూ తేడా మిగలదు. పద్నాలుగు మందిని ఇంత శ్రద్ధగా తీర్చిదిద్దిన గేమ్‌లో ఆ తేడాలే ముఖ్యం. అన్నీ మామూలుగానే ఉంచి, చివరి కోటకు ముందు ఓపిక తగ్గితే అప్పుడు పెంచుకోండి.

పాత కార్ట్రిడ్జ్‌లు వాడేవారికి

మా వైపు వీటిని క్యాసెట్లనే అనేవాళ్లం. పని చేయకపోతే తీసి నోటితో ఊది మళ్లీ పెట్టేవాళ్లం. ఊదడం మానండి, ఊపిరిలోని తేమ వల్ల లోహపు కొసలు మెల్లగా పాడవుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడిచి, ఆరనిచ్చి పెట్టండి.

పాత గేమ్ బాయ్ కార్ట్రిడ్జ్‌లలో సేవ్‌ను నిలబెట్టేది లోపలి బటన్ సెల్. అది అయిపోతే సేవ్ పోతుంది. సెల్ మార్చినా పాత సేవ్ తిరిగి రాదు. పోకెమాన్ గోల్డ్, సిల్వర్‌లలో అదే సెల్ గడియారాన్ని కూడా నడుపుతుంది కాబట్టి ఇంకా త్వరగా అయిపోతుంది. కాబట్టి కొత్తగా మొదలుపెట్టే ముందే సెల్ మార్పించుకోండి. గేమ్ బాయ్ అడ్వాన్స్‌లోని పోకెమాన్ రూబీ, సఫైర్‌లకు ఈ భయం లేదు. వాటిలో సెల్ అయిపోతే గడియారం ఆగుతుంది, సేవ్ అలాగే ఉంటుంది.

నకిలీలతో జాగ్రత్త. ఒక దుకాణంలో ముచ్చటపడి కొన్న ఫైర్‌రెడ్ కార్ట్రిడ్జ్ నాకు పదకొండు గంటల ఆట తర్వాత సేవ్ ఖాళీగా చూపించింది. ఆ తర్వాత తెలిసిన వారు చూపిస్తే తేడా తెలిసింది: అసలు గేమ్ బాయ్ అడ్వాన్స్ కార్ట్రిడ్జ్‌లో కింది వైపు లోహపు కొసల పైన సర్క్యూట్ మీద నింటెండో పేరు ముద్రించి ఉంటుంది, వెనక స్క్రూ మూడు రెక్కల ఆకారంలో ఉంటుంది. కొనే చోటే తిప్పి చూడండి. ఒక రాత్రి సేవ్ చేసి, యంత్రం ఆపి, మర్నాడు తెరిచి చూశాకే పెద్ద గేమ్ మొదలుపెట్టండి.

ముగిశాక సేవ్ స్లాట్లను ఎలా ఉంచాలి

క్రోనో ట్రిగ్గర్ పూర్తయ్యాక సంపాదించిన బలంతోనే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవచ్చు, ఎప్పుడు చివరి శత్రువును ఎదుర్కొన్నామన్న దాన్ని బట్టి పదికి పైగా ముగింపులు వస్తాయి. ఆ ముగింపు సేవ్‌ను ఒక స్లాట్‌లో చెరపకుండా ఉంచి, రెండో ఆటను వేరే స్లాట్‌లో సాగించండి. ఫైనల్ ఫాంటసీ ఆరులో చివరి కోటకు ముందు ఒకటి, మీకు బాగా నచ్చిన ఘట్టానికి ముందు ఒకటి విడిగా ఉంచుకోండి. నా దగ్గర రెండోది ఒపెరా ఘట్టం. సెలీస్ రంగస్థలం మీదికి వెళ్లే ముందు పాట పంక్తులను మనం చదివి గుర్తుపెట్టుకుని, వేదిక మీద సరైన పంక్తిని ఎంచుకోవాలి. మా అమ్మాయి పక్కన కూర్చుని, “నాన్నా, రెండో పంక్తి నేను చెబుతాను, నువ్వు చూడకు” అంటుంది. ఆ స్లాట్‌కు ఎదురుగా నోట్‌బుక్‌లో ఒకటే వాక్యం రాసి ఉంది: “ఇక్కడి నుంచి ముందుకు ఆడి ఈ స్లాట్ మీద సేవ్ చేయవద్దు.”